సరంగు కొన్న నాలుగు హోల్డర్లు

రేవులో అందరికీ అతను సరంగే. ఒకప్పుడు పాతికమంది కూలీలుండే పెద్ద పడవ నడిపాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. తర్వాత సొంతంగా చిన్న పడవ కొనుక్కుని, దానికి తనే సరంగు, తనే కూలీ, తనే కాపలాదారు అయ్యాడు గానీ పేరు మాత్రం అంటిపెట్టుకునే ఉంది. యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా, గుంజ పాతినట్టు ఉంటాడు. మాట పొదుపు. పంతమంటారా, పదిమందికి పంచిపెట్టినా ఇంకా అతని దగ్గర మిగులుతుంది.

అతనిది వలల పని కాదు. పడవ మెల్లగా నడుస్తూ ఉంటుంది. వెనకాల నాలుగు రాడ్ల నుంచి నాలుగు దారాలు నీళ్ళలోకి దిగి ఉంటాయి. వాటి చివర గాలాలు దాచుకున్న వెండిరంగు బొమ్మ చేపలు ప్రాణమున్నట్టే ఈదుకుంటూ వస్తాయి. వంజరం లాంటి దూకుడు చేప వాటిని నిజమనుకుని మింగబోతుంది, అంతే. దీన్నే ట్రోలింగ్ అంటారు. చెప్పడానికి ఇంతే గానీ చెయ్యడానికి రెండు చేతులూ చాలవు. ఒక చెయ్యి రాడ్డుని పట్టుకోవాలి, ఒక చెయ్యి రీలు తిప్పాలి, పడవ నడిపే చక్రాన్ని చూసుకోవడానికి మూడోది ఉంటే ఇంకా మంచిది. మూడోది ఎవరికీ ఎలాగూ ఉండదు. సరంగుకి ఎనిమిది నెలల కిందట రెండోది కూడా పోయింది.

పోయిందంటే తెగిపడలేదు. ఒంటరిగా వేటకి వెళ్ళిన రోజున లంగరు తాడు గుంజకి చుడుతుంటే పెద్ద కెరటం వచ్చి పడవని వెనక్కి లాగింది. తాడుకీ గుంజకీ మధ్య ఎడమ చెయ్యి ఇరుక్కుంది. పడవ బరువంతా ఆ తాడు మీదే ఉంది. కత్తి ఇంజను పెట్టెలో ఉంది. ఇంజను పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులూ అందక రెండు గంటలు మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. ఎవరిదో పడవ ఆ దారిన రాబట్టి బతికి బయటపడ్డాడు. ఆసుపత్రిలో ఎముకలు అతికించారు గానీ నరాలు అతకలేదు. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్ళు మాత్రం మూసుకోవు. స్పర్శ కూడా లేదు. వేడి గ్లాసు తగిలినా, చల్లటి గ్లాసు తగిలినా ఆ చేతికి ఒకటే. అప్పట్నుంచి సరంగు ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తారేమోనని ఒకటే సిగ్గు. చూస్తే ఏం పోతుందట? అది మాత్రం అడక్కూడదు.

అతని భార్య పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. పెళ్ళైన కొత్తలో నాలుగేళ్ళు భర్తతో పాటు పడవెక్కింది కూడా. అప్పుడు చక్రం పట్టుకునేది ఆవిడే. తర్వాత కుట్టుపనిలో కుదురుకుని మానేసింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, కానీ ఆ రెండు గంటల సంగతి విన్న రోజు నుంచీ ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. సరంగు మళ్ళీ వేటకి వెళ్తానన్న రోజున అన్నం గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"తోడు ఎవరినైనా పెట్టుకో. లేదంటే పడవ అమ్మేయ్. ఒక్కడివే వెళ్తానంటే మాత్రం చచ్చినా ఒప్పుకోను."

"తోడు దేనికి? నేను దిష్టిబొమ్మలా నిలబడితే, వాడు చేపలు పట్టి నాకు చూపించడానికా? ఆ బతుకు బతికే కంటే అమ్మేయడమే నయం."

"మరి ఒంటి చేత్తో ఎలా పడతావయ్యా?"

"రాడ్డుని హోల్డరు పట్టుకుంటుంది. రీలు నేను తిప్పుతాను. హోల్డరు సరైనది బిగిస్తే ఎడమ చెయ్యి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆవిడ గిన్నె పక్కకి జరిపింది. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"సరే విను. ఒక్కసారి నేను కూడా వస్తాను. ఐసు పెట్టె మీద కూర్చుంటాను, వేలు కూడా కదపను. చేప తగిలిన దగ్గర్నుంచి పడవలో పడేదాకా అంతా నువ్వొక్కడివే చెయ్యాలి. చేశావా, ఇక నీ దారికి అడ్డం రాను. చెయ్యలేకపోయావా, ఐసు ఫ్యాక్టరీ ఆయన పడవ కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఆ పూటే ఇచ్చేస్తావు. మాట మీద నిలబడాలి."

"నిలబడతా," అన్నాడు సరంగు. నోటితో తేలిగ్గా అనేశాడు గానీ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే వేట సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. ఆ దుకాణం నడిపే పెద్దావిడని అందరూ పెద్దమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా సముద్రానికి కావలసినవన్నీ అమ్ముతోంది గానీ సముద్రంలో కాలు తడిపి ఎరగదు. పడవ చూస్తేనే కళ్ళు తిరుగుతాయట. అయినా ఏ పడవకి ఏది నప్పుతుందో ఆవిడకి కొట్టిన పిండి. ముప్ఫై ఏళ్ళుగా విరిగినవీ, ఊడినవీ పట్టుకొచ్చి ఆవిడ బల్ల మీదే కదా పడేస్తున్నారు!

"హోల్డర్లు కావాలి పెద్దమ్మా. నాలుగు," అన్నాడు సరంగు, ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యకుండా.

పెద్దమ్మ మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిది నల్లటి ప్లాస్టిక్కుది. పడవ రైలింగుకి రెండు మరలతో బిగించుకోవాలి. సరంగు దాన్ని కుడి చేత్తో అటూ ఇటూ మెలిపెట్టి చూశాడు. అది కిర్రుమంది.

"పెద్ద చేప లాగిందంటే ఇది కూడా రాడ్డుతో పాటు ఈదుకుంటూ పోతుంది," అన్నాడు.

"చిన్న చేపలకి బాగానే పనిచేస్తుందిలే. సరే, ఇది చూడు."

రెండోది స్టీలు గొట్టం. మెరిసిపోతోంది. పడవ అంచుకి రంధ్రం చేసి లోపలికి దింపాలి. గొట్టం అడుగున అడ్డంగా ఒక మేకు ఉంది. రాడ్డు పిడి కింద ఉన్న గాడి ఆ మేకు మీద కూర్చుంటుంది. ఒకసారి కూర్చుందంటే రాడ్డు అటూ ఇటూ తిరగదు. సరంగు కళ్ళు మెరిశాయి. ఒంటి చేత్తో రీలు తిప్పేవాడికి పెద్ద బెడద అదే. పట్టుకునే రెండో చెయ్యి లేకపోతే తిప్పిన ప్రతిసారీ రాడ్డు కూడా రీలుతో పాటు పక్కకి తిరిగిపోతుంది. ఈ మేకు ఉంటే ఆ బాధ ఉండదు.

"ఆగు, మూడోది కూడా చూడు," అంది పెద్దమ్మ.

మూడోది చూడ్డానికి ఏమంత బాగోలేదు. పై సగం ఒకవైపు తెరిచి ఉంది. మెడ దగ్గర తిరిగే కంకణం ఒకటి ఉంది.

"దీంట్లోనూ రాడ్డు తిరగదు. పైగా ఈ కంకణం పక్కకి తిప్పేశావంటే, అవతల చేప లాగుతున్నా సరే, మోచేత్తో ఎత్తినా రాడ్డు బయటికి వచ్చేస్తుంది. ఈడు మళ్ళినవాళ్ళు, కీళ్ళు పట్టేసినవాళ్ళు దీన్నే పట్టుకెళ్తారు. నా మాట విని ఇది తీసుకో తమ్ముడూ."

పెద్దమ్మ మాటలో వంక ఏమీ లేదు. కానీ సరంగు చెవికి అది 'చెయ్యి లేనివాళ్ళు పట్టుకెళ్తారు' అన్నట్టే వినిపించింది. మొహం కందగడ్డలా అయింది.

"నాకింకా అంత వయసు రాలేదులే. ఆ స్టీలుది ఇవ్వు."

"అది ఉడుంపట్టు పడుతుంది, నిజమే. పట్టుకోవడం సరే, రాడ్డు బయటికి ఏ చేత్తో తీస్తావు?"

"తీసే చేత్తోనే తీస్తాను." పక్కనున్న రాడ్డు ఒకటి అందుకుని, స్టీలు గొట్టంలో దింపి, కుడి చేత్తో పైకి లాగాడు. చక్కగా వచ్చేసింది. "ఇదిగో, వచ్చిందిగా?"

"కొట్లో ఎందుకు రాదు నాయనా? అవతల చేప లేదుగా."

సరంగు ఆ మాట చెవిన వేసుకోలేదు. నాలుగు స్టీలు హోల్డర్లు సంచిలో వేయించుకుని మెట్లు దిగిపోయాడు. అసలు పొరపాటంతా అక్కడే జరిగింది. హోల్డరు కొనడానికి వెళ్ళినవాడు ఏ చేతి కోసం కొంటున్నాడో ఆ చేతిని బల్ల మీద పెట్టి చూపించాలా, జేబులో దాచుకోవాలా? ఇతగాడు దాచుకున్నాడు. దాచుకుని, ఎనిమిది నెలల కిందటి రెండు చేతుల సరంగు కోసం సామాను కొనుక్కొచ్చాడు.

వాటిని బిగించింది అతని బావమరిది. వెల్డింగు షెడ్డు ఉంది అతనికి. అక్కంటే భయం, బావంటే ప్రాణం, అందుకని ఇంట్లో ఏ గొడవ జరిగినా మధ్యలో నలిగేది అతనే. పడవని షెడ్డు ముందుకి తెచ్చి బండి మీద నిలబెట్టారు. ఉత్త మరలు కొడితే ఫైబరు చీరుకుని ఊడివస్తుందని సరంగు పట్టుబట్టి అంచు కింద స్టీలు పలకలు వేయించాడు, బోల్టులు ఈ పక్క నుంచి ఆ పక్కకి దూర్చి నట్లు బిగించాడు. రెండు హోల్డర్లు వెనక గోడ మీద నిటారుగా, రెండు చెరో పక్కకి వాలుగా. పని మటుకు వంక పెట్టడానికి లేదు. అందులో అతన్ని మెచ్చుకుని తీరాలి.

తర్వాత పరీక్ష. కుడి పక్క హోల్డర్లో రాడ్డు పెట్టి, దారం కొస బావమరిది నడుముకి చుట్టుకుని, చేపలాగా షెడ్డు వాకిట్లో పరుగు తీశాడు. రాడ్డు విల్లులా వంగింది. హోల్డరు వెంట్రుకవాసి కదల్లేదు.

"బావా! ఇది హోల్డరు కాదు, మా అక్క పట్టు!" అని అరిచాడు.

సరంగు నవ్వాడు. నవ్వుతూనే కుడి చేత్తో రాడ్డుని పైకి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. పిడి గొట్టంలో ఒక పక్కకి ఒరుసుకుని బిగుసుకుపోయింది, అడుగున మేకు గాడిని వదల్లేదు. మామూలుగా అయితే ఎడమ చేత్తో రాడ్డు మధ్యలో పట్టుకుని వంపుని కాస్త వెనక్కి నెట్టి, కుడి చేత్తో పిడి లాగుతారు. అది రెండు చేతుల పని.

"లాగడం ఆపరా," అన్నాడు. బావమరిది ఆగాడు. రాడ్డు వచ్చేసింది.

"బావా, పెద్దమ్మ ఇంకోటేదో చూపించిందన్నావు కదా, ఆ మూడో రకం..."

"నువ్వు దున్నపోతులా లాగావు కాబట్టి రాలేదు. చేప అలా లాగదు."

"చేప అంతకంటే..."

"నోర్మూసుకుంటావా?"

 బావమరిది బావ మొహంలోకి చూడలేక పానాలు ఏరుకుంటూ కూర్చున్నాడు. సరంగు ఆ మధ్యాహ్నమంతా పడవ కడిగాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు. తప్పు చేశానని అతనికి అప్పుడే తెలిసిపోయింది. దుకాణానికి వెళ్ళి నాలుగూ మార్చుకురావడానికి అరగంట పట్టేది కాదు. కానీ వెళ్ళి పెద్దమ్మతో ఏమని చెప్పాలి? ఆ మాట నోట్లోంచి ఊడిపడదే! చేప చిన్నదే తగులుతుందిలే, సులువుగా వచ్చేస్తుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు సూర్యుడు పైకొచ్చాక బయల్దేరారు. మధ్యాహ్నం పన్నెండుకి రేవుకి వస్తే చాలని ఐసు ఫ్యాక్టరీ ఆయనకి ముందే కబురు వెళ్ళిపోయింది. భార్య చెప్పినట్టే ఐసు పెట్టె మీద కూర్చుంది. పెట్టె ముందు వైపు, చక్రం పక్కనే ఉంటుంది. రాడ్లు వెనకాల, పదడుగుల దూరంలో. చక్రం తిరిగిపోకుండా సరంగు రబ్బరు తాడుతో కట్టాడు. ఒంటి చేత్తో, పళ్ళతో లాగి వేసిన ముడి, ముద్దలా ఉంది. ప్రతి రాడ్డుకీ ఒక సన్నటి, పొడుగాటి నైలాన్ తాడు కట్టి, రెండో కొస పడవ అంచుకున్న కొక్కేనికి తగిలించాడు, రాడ్డు జారినా సముద్రం పాలు కాకుండా. నాలుగు దారాలూ నీళ్ళలోకి వదిలాడు.

 ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఆవిడ చీర కొంగు తల చుట్టూ బిగించుకుని వెనక్కే చూస్తూ కూర్చుంది. చేప తగలకపోతే బాగుండుననే అనుకుంటోందో, తగలాలనే అనుకుంటోందో ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పదీ పది దాటింది. కుడి పక్క రీలు గీమంది.

మామూలు గీ కాదది. దారం బుసబుసా పోతోంది. రాడ్డు కొస నీళ్ళకేసి విరుచుకుపడింది. సరంగు ఒక్క ఉదుటున ముందుకి పరిగెత్తి ఇంజను వేగం తగ్గించి, అంతే వేగంగా వెనక్కి వచ్చి రీలు పట్టుకున్నాడు. ఇంజను పూర్తిగా ఆపడానికి లేదు, దారం వదులైతే గాలం ఊడిపోతుంది. హోల్డరు కొండలా నిలబడింది. రాడ్డు తిరగలేదు. కుడి చేత్తో రీలు తిప్పుతుంటే దారం అంగుళం అంగుళం లోపలికి వస్తోంది.

"చూశావా!" అని అరిచాడు. "చూశావా, ఎలా పట్టుకుందో!"

ఆవిడ మెడ చాచి నీళ్ళకేసి చూసింది.

పావుగంట అలా గడిచింది. దూరంగా నీళ్ళ మీద ఒక్కసారి వెండిలా మెరిసింది. వంజరం. నాలుగడుగులకి తక్కువ ఉండదు. సరంగు గుండె ఆనందంతో కొట్టుకుంది, మరుక్షణమే గుభేలుమంది. చేప పడవ వైపే దూసుకొచ్చింది. వచ్చి, కుడి పక్క నుంచి పడవ కిందకి దూరి, ఎడమ పక్కకి పారిపోయింది.

దారం పడవ అడుగుకి ఒరుసుకుంటూ కీచుమంది. కాస్త వెనక్కి జరిగితే చాలు, పడవ అడుగున తిరుగుతున్న ఇంజను ఫ్యాను రెక్కలకి చుట్టుకుంటుంది. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. రాడ్డుని హోల్డర్లోంచి తీసి, కొస నీళ్ళలో ముంచి, పడవ వెనక నుంచి చుట్టూ తిప్పి ఎడమ పక్క హోల్డర్లో పెట్టాలి. సరంగు జీవితంలో వందసార్లు చేసిన పని అది.

కుడి చేత్తో పిడి పట్టుకుని పైకి లాగాడు. రాలేదు.

మోకాలు అంచుకి ఆనించి లాగాడు. రాలేదు. షెడ్డు దగ్గర ఎలా బిగుసుకుందో అలాగే, అంతకి రెట్టింపుగా బిగుసుకుంది. నడుముకున్న కత్తి తగిలింది. దారం కోసేయొచ్చు. కోస్తే చేప పోతుంది. చేపతో పాటు పడవా పోతుంది. ముప్ఫై ఏళ్ళ బతుకూ పోతుంది. ముందుకి వెళ్ళి ఇంజను ఆపేద్దామంటే, వెళ్ళి వచ్చేలోపు దారం రెక్కల్లో పడుతుంది. ఎడమ మోచెయ్యి రాడ్డు చుట్టూ వేసి, ఛాతీకి అదుముకుని, సగం ఒళ్ళు సముద్రం మీదకి వాల్చి లాగాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. "రా! రావే!" అని అరుస్తున్నాడు. ఎవరి మీద అరుస్తున్నాడో అతనికే తెలీదు. వెనకాల ఏం జరుగుతోందో కూడా తెలీదు. భూమ్మీద ఆ గొట్టం తప్ప ఇంకేదీ లేదు.

ఉన్నట్టుండి దారం బిగువు సడలింది. రాడ్డు వంపు తగ్గింది. ఆ ఒక్క క్షణంలో మేకు గాడిని వదిలేసింది, రాడ్డు చేతిలోకి వచ్చేసింది. సరంగు వెనక్కి పడబోయి నిలదొక్కుకుని, దాన్ని కుడి చంకలో ఇరికించుకుని వెనక గోడ చుట్టూ తిప్పాడు. ఎడమ పక్క హోల్డర్లో దింపాడు. టక్కుమని మేకు మీద కూర్చుంది. ఇక తిప్పాడు చూడండి రీలు! పూనకం వచ్చినవాడిలా తిప్పాడు. పది నిమిషాలకి వంజరం పడవ పక్కన తేలింది. కొక్కెం కర్ర కుడి చేత్తో దవడ కింద వేసి, ఎడమ మోచేతిని కర్ర కింద ఊతంగా పెట్టి, ఒక్క ఊపులో పడవలో వేశాడు. చేప చెక్కల మీద దబదబా కొట్టుకుంది.

సరంగు దాని పక్కనే కూలబడి పకపకా నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత మనసారా నవ్విన నవ్వు అది.

"చేశాను. చూశావుగా? నేనే చేశాను!"

"చూశాను," అంది భార్య. ఐసు పెట్టె మీదే కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. మొహంలో నెత్తురు చుక్క లేదు. "చేశావు. ఇక నీ ఇష్టం."

ఇంటికి తిప్పుదామని సరంగు చక్రం దగ్గరికి వచ్చాడు. రబ్బరు తాడు విప్పబోయి ఆగిపోయాడు. తను వేసిన ముద్ద ముడి కాదు అది. చిన్నగా, పొందిగ్గా, రెండు చేతులతో వేసిన ముడి. పడవ పొద్దుటి దారిలో కూడా లేదు. ఒడ్డు కుడి పక్కన ఉండాల్సింది, ఎడమ పక్కకి వచ్చింది. చేప ఎటు పారిపోయిందో పడవ అటు తిరిగింది. అందుకే దారం సడలింది.

"చక్రం తిప్పావా?"

"నేనెందుకు తిప్పుతాను? వేలు కూడా కదపనని చెప్పాగా."

ఆవిడ అతని మొహంలోకి చూడటం లేదు. అతని ఎడమ చేతికేసి చూస్తోంది. సరంగు కూడా చూసుకున్నాడు. మణికట్టు చుట్టూ ఎర్రగా, లోతుగా తాడు ముద్ర ఉంది. రెండు చుట్లు. చర్మం చిట్లి సన్నగా నెత్తురు కూడా చిమ్మింది. రాడ్డుకి కట్టిన నైలాన్ తాడు, తను ఛాతీకి అదుముకుని పెనుగులాడుతున్నప్పుడు చేతికి చుట్టుకుందన్నమాట. అతనికి తెలియనే లేదు. ఆ చేతికి ఏదీ తెలియదు కదా! దారం సడలకుండా ఉన్నట్టయితే, ఆ పెనుగులాటలో కాలు జారి ఉన్నట్టయితే, అంచు అవతల ఆ తాడుకి వేలాడుతూ ఉండేవాడు. ఒంటరిగా. మళ్ళీ.

ఆవిడ అది చూసింది. చూసి, పందెం సంగతి పక్కన పెట్టి చక్రం తిప్పింది. ఆ తాడు చుట్లు ఎప్పుడు ఊడాయో, ఊడేదాకా ఆవిడ ప్రాణం ఎలా కొట్టుకుందో! అంతా అయ్యాక మళ్ళీ వెళ్ళి కూర్చుని, గెలుపు అతని చేతిలో పెట్టేసింది. అతని మొహంలో ఆ నవ్వు చూశాక కాదనలేకపోయింది కాబోలు.

సరంగు మిగతా దారాలు చుట్టేసి పడవని ఒడ్డుకేసి తిప్పాడు. 

రేవులో ఐసు ఫ్యాక్టరీ ఆయన అప్పటికే వచ్చి పడవ కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన బావమరిది, షెడ్డు కట్టేసి మరీ వచ్చాడు. పడవ ఆనగానే చేపని చూసి గంతేశాడు.

"బావా! ఎంతుంది ఇది! ఎలా జరిగింది అక్కా?"

"అంతా మీ బావే చేశాడు," అంది ఆవిడ మెట్టు ఎక్కుతూ. "నేను వేలు కదిపితే ఒట్టు. చూస్తూ కూర్చున్నా. రేపట్నుంచి ఒక్కడే వెళ్తాడు." ఆ ఆఖరి మాట అంటూ కొంగు బిగించి దోపుకుంది. 

ఐసు ఫ్యాక్టరీ ఆయన మొహం వాడిపోయింది. "సరేనండీ, మీ అదృష్టం," అని వెనక్కి తిరిగాడు.

సరంగు నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. కావలసిందంతా చేతిలో ఉంది. పడవ ఉంది, పందెం గెలిచాడు, భార్యే సాక్ష్యం చెప్పింది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, ఆ మనిషి వెళ్ళిపోతాడు.

"అబద్ధం," అన్నాడు సరంగు.

ఐసు ఫ్యాక్టరీ ఆయన ఆగాడు.

"రాడ్డు తియ్యడం నా వల్ల కాలేదు. మా ఆవిడ చక్రం తిప్పబట్టి వచ్చింది. లేకపోతే చేప కాదు, నేనే పోయేవాణ్ణి." ఎడమ చెయ్యి అందరికీ కనబడేలా ఎత్తాడు. "తాడు చుట్టుకుంది. నాకు తెలియను కూడా తెలియలేదు. నేను ఒక్కణ్ణే చెయ్యలేదు. ఒక్కణ్ణే చెయ్యలేను కూడా."

 బావమరిది చేపని వదిలేసి ఆ తాడు ముద్రకేసి వంగి చూశాడు. ముందుగా తేరుకుంది కొనడానికి వచ్చినాయనే. "అంటే మరి... అనుకున్న ప్రకారం పడవ అమ్ముతున్నట్టేనా?"

"విన్నారు కదండీ?" అంది సరంగు భార్య. "ఒక్కడే వెళ్ళనంటున్నాడు మా ఆయన. ఇక అమ్మే పనేముంది? మీరు ఇంటికి వెళ్ళండి."

అలా అంటూనే ఆవిడ అక్కడే, తడి మెట్టు మీద, చీర తడుస్తున్నా చూసుకోకుండా కూలబడిపోయింది. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడవలేదు, ఎనిమిది నెలలుగా ఏడవలేదు. ఇప్పుడు పదిమంది చూస్తుండగా చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.  సరంగు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోవే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! ఆ ఒక్క ముక్క అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు? నన్ను చంపి అంటావనుకున్నా."

"తోడు కావాలంటే నువ్వే రావాలి మరి. బయటివాళ్ళ ముందు నా వల్ల కాదు. నీ దగ్గరైతే... పర్లేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. కోపంగానే ఉంది, ఇంకా వెక్కుతూనే ఉంది.

"ఆ ఐసు పెట్టె మీద కూర్చుంటే నా నడుం విరిగిపోయింది. దిండు కుట్టుకుని గానీ రాను."

"కుట్టుకో."

"కుట్టు షెడ్డులో వారానికి రెండు రోజులే సెలవిస్తారు."

"రెండు రోజులే వెళ్దాం."

ఆవిడ ఇక వాదించలేదు. అతని మణికట్టు ఒళ్ళోకి తీసుకుని, చిట్లిన చోట కొంగు చివరతో అద్దడం మొదలుపెట్టింది. సరంగు ఆ చేతికేసి చూశాడు. అద్దుతున్నది అతనికేమీ తెలియడం లేదు. అయినా లాక్కోలేదు.